ఒక్కటి తగిలించు పద్ధతి మరియు వ్యవస్థ

యంత్రం మొరాయించినప్పుడు దానికి ఒక్కటి తగిలిస్తే మళ్ళీ పనిచేస్తుందన్న సంగతి నిన్న మొన్నటి దాకా మానవజాతికి తెలియదు. ఇది ఎవరో పనిలేక అన్న మాట కాదు. పేటెంటు కార్యాలయం వరస సంఖ్య ఇచ్చి, ముద్ర వేసి, సంతకం చేసి ధ్రువీకరించిన సత్యం. అంతకు ముందు మీలో ఎవరైనా రేడియోనో, ఫ్యానునో, నీళ్ళ మోటారునో కొట్టి ఉంటే అది కేవలం మీ కోపం. పద్ధతి అనిపించుకోదు.

ఈ సత్యాన్ని వెలికితీసిన ఘనతలో సగం దరఖాస్తు పెట్టిన కంపెనీది. మిగతా సగం ఆ కార్యాలయంలో ఎలక్ట్రానిక్సు, కంప్యూటర్లు, యంత్రాల విభాగం చూసే పరిశీలకుడిది. ఆయన్ని తోటివారు ఎదురుగా సార్ అంటారు, వెనకాల అడ్డుపుల్ల అంటారు. రెండూ ఆయన చెవిన పడుతూనే ఉంటాయి. రెండోదే ఆయనకు ఎక్కువ ఇష్టం. ఎవరైనా ఆయాసపడుతూ వచ్చి కొత్తది కనిపెట్టామంటే, ఫలానా సంవత్సరం ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఇది ఎప్పుడో ఉందని చూపించి ఇంటికి పంపడమే ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడు. పీకిన ప్రతి ఈకకూ ఫైల్లో రసీదు ఉంది.

ఆ కార్యాలయానికి ఒకే ఒక్క సూత్రం. రాసి ఉన్నదే తెలిసినట్టు లెక్క. తేదీ వేసిన కాగితం మీద లేనిది ఎంతమందికి తెలిసినా ఎవరికీ తెలియనట్టే. సూర్యుడు తూర్పున ఉదయించు పద్ధతి అని రేపు ఎవరైనా దరఖాస్తు పెడితే అడ్డుపుల్ల కిటికీలోంచి బయటికి చూడడు, గ్రంథాలయానికి వెళ్తాడు. ఇది వెటకారమని మీరనుకుంటారు గాని, ఆయన వింటే పొంగిపోతాడు.

ఈ సూత్రం వల్ల విజ్ఞానానికి ఒరిగింది అంతా ఇంతా కాదు. కంప్యూటరు ముందు కునుకు తీస్తున్న ఉద్యోగి పనిచేస్తున్నట్టు కనబడేలా మౌసును గంటకు పదిసార్లు కదిపే బుల్లి మోటారుకు పేటెంటు దక్కింది. ఆ కదలిక మనిషిది కాదు, మోటారుది అని పసిగట్టి పైఅధికారికి చేరవేసే సాఫ్ట్‌వేరుకూ దక్కింది. రెండూ ఒకే కంపెనీవి. ఎన్నిసార్లు నొక్కితే లిఫ్టు అంత త్వరగా వస్తుందన్న నమ్మకం కలిగించే దీపపు మీటకు దక్కింది. తలుపులో గొడుగు ఇరుక్కుంటే "దయచేసి గొడుగు తీయండి" అని పలికే యంత్రానికి మాత్రం దక్కలేదు. ఆ మాట ముప్పై ఏళ్ళ కిందటే ఒక బస్సు తలుపు మీద రాసి ఉందని అడ్డుపుల్ల ఫోటోతో సహా నిరూపించాడు. ఆ ఫోటో ఆయన బల్ల అద్దం కింద ఉంటుంది.

అలాంటి మహానుభావుడి బల్ల మీదికి ఒక సోమవారం పొద్దున రెండు వందల పద్నాలుగు పేజీల దరఖాస్తు వచ్చింది. పేరు: "ఎలక్ట్రానిక్, కంప్యూటర్ లేదా యాంత్రిక పరికరముల స్తంభన స్థితిని బాహ్య క్షణిక సంపర్క ప్రేరణచే తొలగించు పద్ధతి మరియు వ్యవస్థ."

మొదటి పద్దెనిమిది పేజీలూ యంత్రాలు ఆగిపోవడం వల్ల లోకానికి కలుగుతున్న దుఃఖం గురించి. చదివితే కళ్ళు చెమరుస్తాయి. పందొమ్మిదో పేజీలో అసలు సంగతి. "ఒక ప్రేరక అవయవము (12) యొక్క సమతల ఉపరితలమును, సదరు పరికరపు పార్శ్వ భాగము (14) పైకి ముప్పై అయిదు డిగ్రీల కోణమున త్వరితగతిని చేర్చి, తక్షణమే వెనుకకు తీసికొనుట." అడ్డుపుల్ల ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత బొమ్మ చూశాడు. బొమ్మలో పన్నెండో అంకె వేసి ఉన్నది అరచెయ్యి.

తమకే హక్కు కావాలని కంపెనీ కోరిన అంశాలు నలభై ఒకటి. మొదటిది అరచెయ్యి. రెండోది, సదరు అరచెయ్యి కుడిది అయినప్పుడు. మూడోది, ఎడమది అయినప్పుడు. అయిదోది, ఒక దెబ్బకు ఫలితం రాని పక్షంలో రెండో దెబ్బ. ఆరోది, రెండు దెబ్బల నడుమ పరికరాన్ని ఉద్దేశించి పలుకు మాటలు. వాటి పట్టిక సీలు వేసిన కవరులో విడిగా జతచేశారు. పదకొండోది, పరికరం టీవీ రిమోటు వంటి చిన్నదైతే దాన్నే తీసుకెళ్ళి రెండో అరచేతికేసి కొట్టడం. పందొమ్మిదోది, చేతికి బదులు చెప్పు.

అడ్డుపుల్ల నవ్వాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అదే మొదటిసారి కావడంతో అటెండరు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"ఏమైంది సార్?"

"ఏం లేదయ్యా. ఇన్నాళ్ళకు అరనిమిషంలో కొట్టేసే దరఖాస్తు ఒకటి దొరికింది."

"కొట్టేయాలంటే కాగితం ఉండాలి కదా సార్," అన్నాడు అటెండరు. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో ఉంటున్నవాడు కాబట్టి అతనికి చట్టం బాగా వచ్చు.

అడ్డుపుల్ల కాగితాలు వెతికే కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కాడు. తెర తెల్లబడి బిగుసుకుపోయింది. అది రోజూ బిగుసుకుపోతుంది. అటెండరు రోజూ చేసినట్టే వచ్చి, పెట్టెకు కుడివైపున, కింది నుంచి జానెడు ఎత్తులో, ఒక్కటిచ్చాడు. తెర వెలిగింది. పక్కనున్న రిజిస్టరులో "10.20, సాంకేతిక సర్దుబాటు" అని రాసి సంతకం పెట్టాడు. కంప్యూటరు మూడు కోట్ల పత్రాలు గాలించి, యంత్రాన్ని కొట్టి పనిచేయించిన దాఖలా భూమ్మీద ఎక్కడా లేదని తేల్చి చెప్పింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆఫీసు వేళల్లో అలాంటివి చూసుకోరు.

అడ్డుపుల్ల ఓడిపోయే రకం కాదు. మూడు వారాలు గ్రంథాలయంలో దుమ్ము మింగాడు. కథల్లో, నాటకాల్లో ఉంటుందేమోనని చూశాడు. అక్కడ మనుషులు మనుషుల్ని కొట్టుకుంటున్నారు గాని మిక్సీ జోలికి పోవడం లేదు. ఒకటి రెండు వ్యంగ్యచిత్రాల్లో కనబడింది. నిబంధనల ప్రకారం నవ్వొచ్చేది సాంకేతిక సాహిత్యం కింద రాదు. చివరికి యంత్రాలతో పాటు డబ్బాలో పెట్టి ఇచ్చే చిన్న పుస్తకాల గుట్ట ఒకటి దొరికింది. మనం డబ్బా విప్పగానే ముందు పారేసేవి అవే. ప్రతి పుస్తకంలోనూ రెండో పేజీలో ఒకే హెచ్చరిక: "పరికరమును కొట్టరాదు."

ఆయన ఆనందం చెప్పనలవి కాదు. కొట్టొద్దన్నారంటే కొడుతున్నారనే కదా! ఇక్కడ ఉమ్మరాదని గోడ మీద ఉందంటే ఆ గోడ ఎన్ని ఉమ్ములు చూసి ఉంటుంది! వెయ్యిన్నీ నూట అరవై మూడు పుస్తకాల నకళ్ళు తీయించి, పేజీలకు దారం కట్టించి, అభ్యంతర పత్రంతో కంపెనీకి పంపాడు.

పదకొండో రోజున కంపెనీ వకీలు జవాబు వచ్చింది. "లోకములోని వెయ్యిన్నీ నూట అరవై మూడు మంది తయారీదారులు పరికరమును కొట్టరాదని ఏకకంఠముతో బోధించుచుండగా, ఆ బోధనకు ఎదురీది, కొట్టవలెనని తలంచిన ఏకైక మేధ మా కక్షిదారుది. యావత్తు శాస్త్రలోకము వలదన్న దారిన నడచుటయే ఆవిష్కరణ లక్షణము. గౌరవ పరిశీలకులు స్వయముగా శ్రమించి మా పక్షమున సమర్పించిన ఇన్ని సాక్ష్యములకు మా కృతజ్ఞతలు."

ఇందులో పొరపాటేమీ లేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనం తిట్టుగా వాడే మాటకు పేటెంటు చట్టంలో చాలా గౌరవం ఉంది. పదిమంది వద్దన్నది చేసి ఫలితం చూపిస్తే అది కొత్తదే. ఈ వాదనకు మెచ్చి అడ్డుపుల్లే గతంలో పదహారు పేటెంట్లు ఇచ్చాడు. తాను తీసిన గోతిలో తానే పడ్డానని అర్థమై, ఆ పూట భోజనం సగంలో వదిలేశాడు.

అప్పుడు ఆయనకు అక్క గుర్తొచ్చింది. నిజానికి మొదటి రోజు నవ్వినప్పుడే గుర్తొచ్చింది. ఆఫీసు ఫైలు ముందు ఇంటివాళ్ళను తలుచుకోవడం పద్ధతి కాదని ఊరుకున్నాడు.

అక్కది రిపేరు షాపు. రెండు తలుపుల వెడల్పు. అరల నిండా మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, రేడియోలు, రెక్కలూడిన ఫ్యాన్లు. బల్ల మీద ఎప్పుడూ కాస్త టంకం పొగ. తమ్ముడు హైస్కూల్లో ఉండగా అమ్మానాన్నలు పోతే అతణ్ణి పెంచి, ఇంజనీరింగు చదివించి, పెళ్ళి చేసింది ఆ షాపే. అతను చదువుకున్నది కూడా అక్కడే, రోజూ సాయంత్రం అక్క ఒక్కటిస్తేగాని వెలగని ట్యూబులైటు కింద.

అక్క దెబ్బ అందరి దెబ్బలాంటిది కాదు. ముందు చెవి ఆనించి వింటుంది. వేలి కణుపుతో నాలుగు చోట్ల మెల్లగా తట్టి చూస్తుంది. లోపల ఏ అతుకు వదులైందో, ఏ తీగ బెణికిందో ఆ చప్పుడును బట్టి పోల్చుకుని, సరిగ్గా అక్కడ, సరిగ్గా అంతే బలంతో ఒక్కటిస్తుంది. యంత్రం మేలుకుంటుంది. అప్పుడు విప్పి, ఆ అతుకు టంకం పెట్టి పంపుతుంది. కోపంతో కొట్టేవాళ్ళ చేతిలో యంత్రాలు చస్తాయి. అక్క కొడితే నిద్రపోతున్నవాణ్ణి భుజం తట్టి లేపినట్టు ఉంటుంది. దెబ్బకు దెయ్యం వదులుతుందని ఊరికే అనలేదని జనం చెప్పుకునేవారు. చెప్పుకున్నారే గాని ఎవరూ రాయలేదు.

ఆదివారం పొద్దున తమ్ముడు షాపుకు వెళ్ళేసరికి అక్క ఒక మిక్సీకి చెవి ఆనించి ఉంది.

"అక్కా, నువ్వు వీటిని కొట్టి బాగుచేస్తావు కదా. ఆ సంగతి ఎక్కడైనా రాసిపెట్టావా?"

"రాసిపెట్టుకోవడానికి అదేమన్నా ఘనకార్యమా? ఏంట్రా, ఒంట్లో బాగుందా?"

తమ్ముడు దరఖాస్తు సంగతి చెప్పాడు. అక్క కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తమ్ముడు నవ్వడం లేదని చూసి ఆపేసింది.

"అంటే ఏంటి? రేపటి నుంచి నేను దీన్ని కొట్టాలంటే వాళ్ళనడగాలా?"

"పేటెంటు వస్తే అడగాలి."

"వాళ్ళు వద్దంటే?"

"కొట్టకూడదు."

అక్క తన చేతి వంక ఒకసారి చూసుకుంది. "నేను కొట్టేది నీకు తెలుసు కదరా."

"నాకు తెలిస్తే చాలదక్కా. కాగితానికి తెలియాలి."

అక్క లేచి రేకు పెట్టె తీసింది. అందులో ఇరవై ఎనిమిదేళ్ళ రిపేరు చీటీల పుస్తకాలున్నాయి. కార్బన్ పెట్టి రాసినవి, తేదీలతో, వరస సంఖ్యలతో. అడ్డుపుల్లకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కటే తిరగేశాడు. "చేసిన పని" అన్న గడిలో మొదటి చీటీ నుంచి నిన్నటి చీటీ దాకా ఒకటే మాట: "లోపలి సర్దుబాటు."

"ఇదేంటక్కా?"

"మరేం రాయమంటావు? కొట్టాను అని రాస్తే పరువుంటుందా? చీటీ మీద కాస్త మర్యాదగా ఉండాలని ఆ మాట నేనే కనిపెట్టాను," అంది అక్క కొంచెం గర్వంగా.

ఆ మాట తన ఆఫీసు కూడా కనిపెట్టిందని తమ్ముడు చెప్పలేదు.

అయినా విచారణకు అక్కను సాక్షిగా పిలిపించాడు. పరిశీలకుడి సొంత అక్క సాక్ష్యం చెల్లుతుందా అన్న సందేహం వచ్చింది. పెద్ద అధికారి ఫైలు అటూ ఇటూ తిరగేసి, "ఆమె మీ సోదరి అని ఈ కాగితాల్లో ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు. లేదు. కాబట్టి కాదని నిర్ధారణ అయింది.

విచారణ హాలు నిండిపోయింది. అక్క షాపుకు ఏళ్ళ తరబడి వస్తున్నవాళ్ళు వెనక బెంచీల మీద కూర్చున్నారు. ఆమెకు అండగా వచ్చారనుకున్నారు అందరూ. అండగానే వచ్చారు, నోరు తెరవడానికి మాత్రం రాలేదు. కంపెనీ వకీలు లేచి, కోటు సర్దుకుని, అరగంట మాట్లాడాడు.

"మహాశయులారా! చక్రమును కనిపెట్టినవాని పేరు మనకు తెలియదు. ఎందువలన? ఆ కాలమున ఇట్టి కార్యాలయము లేదు గనుక! నిప్పును కనిపెట్టినవాడు అనామకుడుగా మరణించినాడు. ఆ అన్యాయము అరచేతికి జరుగరాదు! వేల సంవత్సరములుగా మానవుని మణికట్టుకు వేలాడుచు, అన్నము కలుపుటకు, చప్పట్లు కొట్టుటకు మాత్రమే వినియోగపడిన ఈ అవయవమునందు దాగిన మహాశక్తిని మా కక్షిదారు లోకమునకు కానుకగా ఇచ్చుచున్నారు!"

చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళలో వెనక బెంచీలవాళ్ళూ ఉన్నారు. తర్వాత వకీలు ఒక చీటీ చేతిలోకి తీసుకుని అక్క వైపు తిరిగాడు.

"ఇందులో లోపలి సర్దుబాటు అని ఉందమ్మా. మీ చెయ్యి లోపలికి వెళ్ళిందా?"

"లేదండి. బయటి నుంచే."

"బయటి నుంచి చేసినదాన్ని లోపలి సర్దుబాటు అంటారా?"

వకీలు చీటీని అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"అయితే ఈ చీటీ నిజమా, అబద్ధమా?"

నిజమంటే ఆమె ఎన్నడూ కొట్టనట్టు. అబద్ధమంటే ఇరవై ఎనిమిదేళ్ళ మాట పోయినట్టు. అక్క ఒకసారి వెనక బెంచీల వైపు చూసింది. అక్కడ చాలామందికి ఒక్కసారిగా చెప్పుల పట్టీలు సర్దుకోవలసిన పని పడింది.

"అబద్ధమే," అంది అక్క. "కొట్టాను. ఈ పుస్తకాల్లో ఉన్న ప్రతి చీటీకీ కొట్టాను. కొట్టానని రాయడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు చెబుతున్నా, రాసుకోండి."

అడ్డుపుల్ల తలెత్తి అక్కను చూశాడు. తనను ఇంతవాణ్ణి చేసిన మనిషి, తన ఫైలు కోసం, తన ఎదురుగా, పదిమందిలో తలవంచుకుని నిలబడింది. ఆయన చేతిలో పెన్ను ఉంది. రాసుకున్నాడు.

వకీలు మాత్రం చాలా సంతోషించాడు. "అబద్ధపు చీటీలు రాసితినని సాక్షి స్వయముగా ఒప్పుకొనుచున్నారు. అబద్ధము రాసినవారు చెప్పుమాట నమ్ముటెట్లు? పోనీ, నమ్మితిమి. అట్లయిన ఇంతటి జ్ఞానమును ఇరవై ఎనిమిది సంవత్సరములు లోకమునకు తెలియకుండ దాచిన నేరము ఈమెది. దాచినవారికి చట్టము హక్కు ఇవ్వదు. వెల్లడించినవారికే ఇచ్చును!" అని కూర్చున్నాడు. చట్టం నిజంగానే అలాగే ఉంది.

ఇంకొక్క దారి మిగిలింది. పరిశీలకుడు తాను కళ్ళారా చూసిన సంగతిని ప్రమాణపత్రంగా రాసి, సంతకం చేసి ఫైల్లో పెట్టవచ్చునని నిబంధనల్లో ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు. చూసిన సంగతులకు సంతకం పెట్టే అలవాటు ఆ కార్యాలయంలో లేదు. అడ్డుపుల్ల పెద్ద అధికారి గదికి వెళ్ళి ఆ మాట కదిపాడు.

"తప్పకుండా రాయండి," అన్నాడు పెద్ద అధికారి ఆప్యాయంగా. "నేను కాదనను. కాకపోతే ప్రమాణం అన్నాక చూసినదంతా రాయాలి. మన కంప్యూటరు సంగతి కూడా. అలా కొట్టి నడిపిస్తున్న కంప్యూటరుతో పదకొండేళ్ళుగా ఎన్ని పేటెంట్లు ఇచ్చాం? అవన్నీ మళ్ళీ తెరుద్దామా? అన్నట్టు, ఉప అధికారి పదవికి మీ పేరు రాసిన ఫైలు నా బల్ల మీదే ఉంది. మీరేం చేస్తారో చూసి సంతకం చేద్దామని ఆగాను."

అడ్డుపుల్ల అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. తన గదికి వచ్చి తెల్లకాగితం తీసుకుని "ప్రమాణపత్రము" అని శీర్షిక పెట్టాడు. కింద "నేను" అని రాశాడు. రెండు రోజులు ఆ మాట దగ్గరే కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎన్నో వేల పేజీలు రాశాడు గాని వాటిలో ఎక్కడా ఆ మాట అవసరం పడలేదు. మూడో రోజు ఇంకో కాగితం తీసుకున్నాడు. "లిఖితపూర్వక ఆధారము లభ్యము కానందున, సదరు పద్ధతి నూతనమైనదిగా, ఆశ్చర్యకరమైనదిగా నిర్ధారించడమైనది" అని రాసి పైకి పంపాడు. ఆశ్చర్యకరమైనది అన్న ముక్కతో మనం కూడా ఏకీభవించవచ్చు.

పేటెంటు వచ్చింది. ఉప అధికారి పదవి కూడా వచ్చింది.

జనం వారం రోజులు ఫోన్లలో ఈ సంగతి పంచుకుని పడీ పడీ నవ్వారు. తర్వాత బుద్ధిగా లైసెన్సుల కోసం వరసలో నిలబడ్డారు. "అధీకృత సంపర్క ప్రేరణ నిపుణుడు" అన్న పట్టాకు కంపెనీ మూడు రోజుల శిక్షణ పెట్టింది. ఆ శిక్షణలో సీటు రావడానికి ఆర్నెల్ల కోచింగు పెట్టినవాళ్ళు వచ్చారు. అరచేతిలో వైకుంఠం అన్న మాట మనం విన్నాం. వాళ్ళు దాన్ని గోడల నిండా పోస్టర్లు వేసి చూపించారు. కొత్త యంత్రాలకు పక్కన ఒక ఎర్రటి వలయం గీసి "ఇక్కడ ప్రేరేపించండి" అని రాసి అమ్ముతున్నారు. మాటిమాటికీ ఆగిపోవడం ఇప్పుడు లోపం కాదు, సౌకర్యం. లైసెన్సు లేని చెయ్యి పడితే ఆ చప్పుడును పోల్చుకుని కంపెనీకి కబురు పంపే చిప్పు కూడా లోపల ఉంటుంది. దాని దరఖాస్తును కొత్త ఉప అధికారి రెండు రోజుల్లో పరిష్కరించాడు.

అక్కకూ నోటీసు వెళ్ళింది. చెయ్యి కట్టేసుకుని ఎన్నాళ్ళు కూర్చుంటుంది? శిక్షణకు వెళ్ళింది. మూడో రోజు పరీక్షలో తప్పింది. కోణం ముప్పై అయిదు డిగ్రీలు ఉండాలి. అక్క కోణం యంత్రానికో తీరుగా మారుతోంది. శిక్షకుడు మంచి కుర్రాడే, ఓపిగ్గా చెప్పాడు.

"మీ సమస్య ఏంటంటే ఆంటీ, మీరు కొట్టే ముందు వింటున్నారు. వినడం సిలబస్‌లో లేదు."

అక్క షాపు అరలు నిండిపోయాయి. "కొట్టకుండా చూస్తాను, వారం పడుతుంది," అంటే ఎవరూ ఆగడం లేదు. పక్క వీధిలో అధీకృత కేంద్రం తెరిచారు. అక్కడ ఎర్ర వలయం మీద ఫట్‌మని ఒక్కటిచ్చి పంపేస్తారు. రెండో వారం మళ్ళీ రమ్మంటారు. ఈ లెక్కన ఏడాది తిరిగేసరికి అక్క తలుపులు మూసుకోవడం ఖాయమని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

అయితే మన చట్టం దయగలది. పేటెంటు ఇచ్చిన ఏడాది లోపు ఎవరైనా దానికి ఎదురు చెప్పవచ్చు. అక్క చీటీల్లాంటివి అక్కర్లేదు. దరఖాస్తు తేదీకి ముందు ఫలానా రోజున ఫలానా యంత్రాన్ని నేను కొట్టాను, లేదా నా ఎదుట కొట్టగా చూశాను అని, మచ్చలేని మనిషి ఒక్కరు, పూర్తి పేరుతో ప్రమాణం చేసి సంతకం పెడితే మొత్తం కేసు మళ్ళీ తెరుస్తారు. అక్క ఆ కాగితం తానే రాసుకుంది. రాసుకుని సంతకం కోసం ఇల్లిల్లూ తిరిగింది.

అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కంపెనీని నోరారా తిట్టారు. రిటైరైన ఇంజనీరు, "నేను కొట్టానని రాసిస్తే నా డిగ్రీ గతేం కాను తల్లీ?" అన్నాడు. మూడు వీధుల అవతలి పెద్ద ఇంటావిడ, "మా ఇంట్లో కొట్టి నడుపుకునేంత పాత సామాన్లున్నాయని నలుగురికీ తెలియాలా వదినా?" అంది. కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే అబ్బాయి, తాను రోజూ కొడతానని, కానీ తన పేరు బయటికి రాకూడదని, కావాలంటే పేరు లేకుండా ఎన్ని సంతకాలైనా పెడతానని చెప్పాడు. ఆఫీసు అటెండరు ఏకంగా ఏడ్చేశాడు. "నా సంతకాలన్నీ రిజిస్టరులోనే అయిపోయాయమ్మా," అన్నాడు.

చివరికి అక్క తమ్ముడి ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఆ గుమ్మం తొక్కి ఏడు నెలలైంది. కొత్త ఉప అధికారి కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, శ్రద్ధగా చదివాడు. రెండు చోట్ల పొల్లులు దిద్దాడు. ఒకచోట "కొట్టితిని" అన్నది బాగుంటుందని సూచించాడు.

"చాలా బాగా రాశావక్కా. ఇంత చక్కటి ముసాయిదా మా వకీళ్ళు కూడా రాయరు."

"అది సరే. కింద సంతకం పెట్టు."

తమ్ముడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తీరిగ్గా, రెండు అద్దాలూ.

"నువ్వు చదువుకున్నది ఏ వెలుగులోరా?" అంది అక్క. గొంతు పెంచలేదు.

"నేను కాదన్నానా? నోటితో చెప్పమను, ఎక్కడైనా చెబుతాను. రాసి ఇవ్వడమంటే... ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కదక్కా. ఇదేమన్నా నా ఒక్కడికే తెలిసిన రహస్యమా? ఊరందరికీ తెలిసిందే. వేరే ఎవరినైనా అడుగు."

"అందరినీ అడిగే వచ్చాను. వాళ్ళు నిన్నడగమన్నారు."

తమ్ముడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కాగితం తిరిగిచ్చాడు. అక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ముఖాన తలుపు వేశాడేమోనని ఆయన్ని తిట్టుకోనక్కర్లేదు. నియమాలు తెలిసిన మనిషి, గేటు దాకా వచ్చి సాగనంపాడు.

గడువు ఈ నెలాఖరుకు ముగుస్తుంది. కావలసింది ఇప్పటికీ ఒక్క సంతకమే. అక్క ఇంకా తిరుగుతూనే ఉంది. నిన్న మీ పక్కింటికి కూడా వెళ్ళింది. పాపం, వాళ్ళు చాలా మంచివాళ్ళు, టీ ఇచ్చి, కంపెనీని తిట్టి, మిమ్మల్నడగమన్నారు.